ఆకలి పత్తి

ఇలా దగ్గరికి జరుగు మధూ. ఆ దిండు కూడా తెచ్చుకో, నా మోకాలికి ఆనుకొని కూర్చో. మీ అమ్మ ఊళ్లో లేని రోజే ఈ కథ చెప్పగలను. మొన్న నువ్వు ఆమెను, "తాత ఎట్ల చచ్చిపోయిండమ్మా?" అని అడిగావట. ఆమె జవాబు చెప్పకుండా లేచి వెళ్లి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగిందట. ఆమె చెప్పదు తల్లీ. నేను చెబుతాను, విను. మధ్యలో కునుకు తీస్తే గిల్లుతాను, ముందే చెబుతున్నాను.

మన ఊరు ఊటపల్లె, పేరుకు తగ్గట్టే నీళ్ల ఊరు. నేను కాపురానికి వచ్చినప్పుడు బావిలోకి వంగి చెంబు ముంచితే నీళ్లు అందేవి. తరువాత ఎగువన రంగుల కార్ఖానాలు వచ్చాయి. ఒకటి మూతపడితే మరొకటి తెరుచుకునేది. అవి వదిలిన నీళ్లు ముందు వాగులో కలిశాయి, ఆ పైన నేలలోకి ఇంకాయి, నేలలోంచి మా బావుల్లోకి దిగాయి. బియ్యం కడిగితే గింజకు మరక పట్టేది. దూడలు పుట్టి లేచి నిలబడలేకపోయేవి. పిల్లలకు పాలపళ్లే నల్లగా వచ్చేవి. నీళ్లలో సీసం ఉంది, ఇంకా నాకు పలకడం రాని లోహాలు ఏవేవో ఉన్నాయి అని పరీక్ష చేసినవాళ్లు చెప్పారు. చెప్పి జీపెక్కి వెళ్లిపోయారు. నీళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి.

అప్పుడు వచ్చింది ఆ పత్తి.

నగరం అంచున ఒక పరిశోధనశాల ఉండేది. అక్కడ విద్యాధర్ అనే శాస్త్రవేత్త కొత్త విత్తనం తయారు చేశాడు. ఏ మొక్క అయినా వేరుతో నీళ్లు తాగుతుంది కదా, ఈ మొక్క నీళ్లతో పాటు నేలలోని లోహాన్ని కూడా వెతికి వెతికి తాగేది. తాగినదంతా కాండంలో, ఆకుల్లో దాచుకునేది. కాయలోకి మాత్రం రానిచ్చేది కాదు. పంట అయ్యాక మొక్కలను వేళ్లతో సహా పీకి, మూసిన బట్టీలో కాల్చి, ఆ బూడిదను ఎక్కడో దూరంగా పూడ్చిపెట్టేవాళ్లు. నేల శుభ్రపడుతుంది, పైన తెల్లటి దూది లాభం. వాళ్లు పెట్టిన పేరు ఏదో పొడుగ్గా ఉండేది. మన పక్కింటి రాజమల్లు చేనుకు పోయి చూసి వచ్చి, "గది పత్తి గాదురా, ఆకలి! నేలను నాకుతాంది" అన్నాడు. అంతే, ఊరంతా దానికి ఆకలి పత్తి అనే పేరు ఖాయం చేసింది. రాజమల్లు కూడా మీ తాతలాగే మగ్గం నేసేవాడు. ఇద్దరి మగ్గాలకూ మధ్య ఒక్కటే గోడ. పొద్దంతా గోడ ఇవతల నుంచి ఒకరు, అవతల నుంచి ఒకరు తిట్టుకుంటూ నేసేవాళ్లు. అదే వాళ్ల స్నేహం.

మా బిడ్డకు, అంటే మీ అమ్మ హేమకు, ఆ పరిశోధనశాలలోనే ఉద్యోగం వచ్చింది. ఆమె పని దూదిలో లోహం ఉందో లేదో చూడటం. చేల నుంచి వచ్చిన ప్రతి బేలులోంచి చిటికెడు తీసి పరీక్షించి, శుభ్రమే అని ఆమె చెబితేనే అది నూలు మిల్లుకు కదిలేది. ఒకసారి నన్నూ, మీ తాతనూ అక్కడికి తీసుకెళ్లింది. తీసుకెళ్లి గుమ్మంలోనే ఆపేసింది.

"అవ్వా, గాజులు, కమ్మలు, మట్టెలు అన్నీ దియ్యి. రాగి గాని, వెండి గాని, ఏదీ లోపలికి రావొద్దు. రవ్వంత రాలినా పరీక్ష చెడిపోతది."

"పుస్తెలు గూడనా?"

"గవి గూడ."

"మీ బాపు పక్కన నిలవడి ఉండంగ పుస్తెలెట్ల దీస్తనే? ఏం మాట్లాడుతున్నవ్?"

మీ తాత పకపకా నవ్వాడు. "తియ్యవే వజ్రా. జరసేపు పెండ్లి గానోళ్ల లెక్క తిరుగుదాం."

చివరికి పుస్తెలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, సంచి మూతి కట్టి, రవికెలో దోపుకుంటే ఒప్పుకున్నారు. లోపల అంతా గాజూ ప్లాస్టిక్కూ. మీ అమ్మ తెల్లకోటు వేసుకొని, ప్లాస్టిక్ పట్టకారుతో ఇంత దూది తీసి ఉప్పునీళ్లలో ముంచింది. ఆ నీళ్లను ఒంటి వేడి అంత వేడిలో నానబెట్టింది. తరువాత ఆ నీటి తుంపరను ఒక మంటలోకి ఊదింది. ఒక్కో లోహం మండితే ఒక్కో రంగు వెలుగు వస్తుందట. ఆ వెలుగును యంత్రం చూసి, పక్కనున్న తెర మీద గీతలుగా లేపుతుంది. ఆకలి పత్తి నానిన నీళ్లకు ఒక్క గీతా లేవలేదు. తెర చదునుగా, అలికిన అరుగులాగా ఉండిపోయింది.

"ఇగ నీ చీర చూద్దాం" అని మీ అమ్మ నా కొంగులోంచి ఒక పోగు లాగింది. తెర మీద గీత ఎగిసిపడింది. "చూసినవా, రంగుల రాగి ఉన్నది. ఈ చీర కట్టకు."

"మంచి చీరను పట్టుకొని లోపం దీస్తున్నవా? మీ పెద్దమ్మ పెట్టింది."

"పెద్దమ్మనే ఒకసారి పరీక్ష జేపియ్యి" అన్నాడు మీ తాత.

ఆయన ఒకటే ప్రశ్న అడిగాడు ఆ రోజు. "ఉప్పునీళ్లెందుకు బిడ్డా?"

"బట్ట ఉండేది ఒంటి మీద గద బాపూ. ఒంటికి చెమట వడ్తది. చెమటకు బట్టలకెళ్లి ఏం బైటికి అస్తదో చూస్తం. గదే నియమం, అన్ని దేశాలల్ల."

మీ తాత తలాడించాడు. ఎంత ఆలోచించి పెట్టారో అనుకున్నాం ఇద్దరం. బస్సులో తిరిగి వస్తూ ఆయన పక్క సీటువాళ్లకు, వెనక సీటువాళ్లకు, కండక్టరుకు కూడా చెప్పాడు, మా బిడ్డ మంటను చూసి లోహం పేరు చెబుతుందని.

కొన్ని పంటలు గడిచాయి. బావి నీళ్లు మెల్లగా తేటపడ్డాయి. మొదటిసారి పరీక్షలో నీళ్లు మంచివని తేలిన రోజు ఊళ్లో వాళ్లంతా బావుల చుట్టూ చేరి తాగారు, ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. రాజమల్లు భార్య ఈరమ్మ బిందె ఎత్తి నెత్తిన పోసుకుంది, పెద్దమనిషి! నీళ్లతో పాటు కళ్ల నీళ్లు కూడా కలిసి కారుతుంటే ఎవరికీ తెలియదులే అనుకుందేమో.

కానీ దూదిని కొనేవాడు లేడు. విషం తాగిన చెట్టు దూది అని జనం ముట్టుకోలేదు. దూది అమ్ముడుపోతేనే విత్తనానికీ, బట్టీలకూ ఖర్చు వెళ్లేది. దిగువన ఇంకా ఎన్నో ఊళ్ల బావులు అట్లాగే ఉన్నాయి, వాళ్లకూ విత్తనం కావాలి. అందుకని విద్యాధర్‌గారు, "ఈ నూలుతో మంచి చీరలు నేయించి చూపిద్దాం, కళ్లతో చూస్తే నమ్ముతారు" అన్నాడు. మీ అమ్మ వెంటనే, "మా బాపు నేస్తడు సార్" అంది. ఎంత గర్వంగా అని ఉంటుందో నాకు తెలుసు. ఆ నూలును పరీక్షించింది తను, నేసేది తన బాపు.

నూలు వచ్చింది. మీ తాత ఒక చిలపను, అంటే నూలు కట్టను, చెంపకు ఆనించుకొని చూశాడు. "ఎంత సల్లగున్నదే" అన్నాడు. మగ్గం మీదికి ఎక్కించాడు.

నీకు మగ్గం తెలియదు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. నిలువు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే చిన్న పడవలాంటి కొయ్యను నాడె అంటారు. దాని కడుపులో నూలు చుట్టిన కండె ఉంటుంది. నాడె పక్కన సన్నటి కన్నం. కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టి, కన్నానికి పెదవులు ఆనించి ఒక్క పీల్పు పీలిస్తే పోగు బయటికి వస్తుంది. నిలువు పోగు తెగితే నాలుకతో తడిపి, వేళ్ల మధ్య నలిపి అతుకుతారు. ఏ నేతగాడైనా అంతే. ఊపిరి తీసుకున్నట్టు చేసే పని అది, చేస్తున్నామని కూడా తెలియదు.

మొదటి చీర మగ్గం దిగినప్పుడు చూసినవాళ్లంతా నోరు తెరిచారు. నూలు తెల్లది, ఏ రంగూ అద్దలేదు. చీర మాత్రం పొద్దువాలే వేళ మబ్బు అంచున ఉండే ఎరుపులాంటి లేత ఛాయతో ఉంది. అక్కడక్కడ ఎక్కువ, అక్కడక్కడ తక్కువ.

రాజమల్లు గోడ మీదుగా తొంగిచూశాడు. "ఏందిరా ఓదెలూ, నీ చీర సిగ్గువడ్తాంది?"

"నీ మొకం జూసింది గద, గందుకే" అన్నాడు మీ తాత.

నగరంలో ఆ చీరను ప్రదర్శనకు పెట్టారు. రంగు వేయకుండా రంగు వచ్చిన చీర అని పేపర్లో రాశారు. ఇక చూడు, కావాలంటే కావాలని అందరూ. మీ తాత ఒక్కడు ఎన్ని నేస్తాడు? ఊళ్లో మిగతా మగ్గాలకూ నూలు ఇచ్చారు. రాజమల్లుకు కూడా వచ్చింది. ఊటపల్లెలో మూతపడిన మగ్గాలు మళ్లీ ఆడాయి.

మీ అమ్మ ఆ చీరను కూడా పరీక్షకు పెట్టింది. నేసిన బట్టను చూడాలని ఎవరూ అడగలేదు. ఎర్రఛాయ ఎక్కడిదో తెలుసుకుందామని తనే పెట్టింది. చిన్న ముక్కను కాల్చి చూస్తే తెర మీద గీతలు గుంపులు గుంపులుగా లేచాయి. ఇనుము. లోహం ఆనవాలే లేదని తను పంపిన నూలు, మా ఇంట్లో బట్టగా మారేసరికి ఇనుముతో నిండి వచ్చింది.

ఫోను చేసింది. "బాపూ, మగ్గం మేకులు తుప్పు వట్టినయా? చీరలకు ఇనుము అంటుతాంది."

"నా మగ్గానికి తుప్పా?"

"కోపం జెయ్యకు. ఒకసారి చూస్కో, గంతే."

కోపం చేయలేదు కానీ, ఆ మాట ఆయనకు ముల్లులా దిగింది. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. మరుసటి రోజు మగ్గాన్ని మొత్తం విప్పి, ఉన్న ఇనుప మేకులన్నీ పీకి, చింత కర్రతో మేకులు చెక్కి కొట్టాడు. కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటంతా చిమ్మి, పేడతో అలికాడు. నాడె మొనలకు ఇనుము ఉంటుందని కొమ్ము మొనల నాడె తెచ్చాడు. తరువాత చీర నేశాడు. అది మొదటిదానికన్నా ఎర్రగా వచ్చింది.

అప్పటికే ఆయన మారిపోతున్నాడు మధూ. ముందు నేను కనిపెట్టింది గోళ్లు. తెల్లగా, కాగితంలా అయ్యాయి. కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎరుపు లేదు. మగ్గం గుంటలోంచి ఎక్కడానికి గోడ పట్టుకునేవాడు. నేస్తూ నేస్తూ మగ్గం పలక మీద తల ఆనించి నిద్రపోయేవాడు. పట్నంలో డాక్టరుకు చూపిస్తే, రక్తం బాగా తక్కువగా ఉంది, ఇనుము లేదు ఒంట్లో అన్నాడు. మందులు రాశాడు. నేను తోటకూర వండాను, నువ్వులు బెల్లంలో దంచి ఉండలు చేశాను, మేక కార్జం ఎక్కడ దొరుకుతుందంటే అక్కడికి పోయి తెచ్చాను. తినిపించిన రెండు రోజులు ముఖంలో కొంచెం కళ వచ్చేది. అట్లా కళ వచ్చిన రోజుల్లో నేసిన బట్ట చూస్తే ఇంకా ఎర్రగా ఉండేది. నేను ఆయనకు తినిపిస్తున్నాననుకున్నాను. నా చేతి ముద్దలు తింటున్నది ఆ చీర.

ఒక ఆదివారం మీ అమ్మ ఇంటికి వచ్చింది. బాపును చూసి ఆమె ముఖం చిన్నబోయింది. పీట తెచ్చుకొని గుంట పక్కన కూర్చొని ఆఫీసు ముచ్చట్లు చెబుతోంది. ఆయన కండె అయిపోయింది. కొత్త కండె పెట్టి, నాడెను పెదవులకు ఆనించి ఒక్క పీల్పు పీల్చాడు.

మీ అమ్మ మాట మధ్యలోనే ఆగిపోయింది.

"బాపూ. ఆగు."

"ఏందే?"

"గా పోగు నాకియ్యి. నోట్లకెళ్లి తీసినట్టే ఇయ్యి."

పోగును వాకిట్లో వెలుతురులోకి పట్టుకెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. కండె నుంచి వచ్చిన పోగు తెల్లగానే ఉంది. నోట్లో తడిసిన ఆ కొస మాత్రం, మేము చూస్తుండగానే, పసిపిల్ల గోరు రంగులోకి తిరిగింది.

"పొద్దుగాల్నించి గిట్ల ఎన్నిసార్లు వెడ్తవ్ బాపూ నోట్లె?"

"గది గూడ లెక్కవెడ్తరా ఎవరన్న? పోగు తెగినప్పుడల్లా వెడ్త. ఉమ్మి లేకుంటె అతుకు నిలుస్తదా?" అని నవ్వాడు. "నువ్వు జెయ్యలేదా చిన్నప్పుడు? గీ మగ్గం మీదనే, నా ఒళ్లె కూసొని, అన్ని కండెలు నువ్వే గుంజుతనని ఏడ్సెటిదానివి."

మీ అమ్మ ఆ పోగును కాగితంలో మడిచి పెట్టుకుంది.

ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లిపోయింది. అక్కడ ఏం చేసిందో తరువాత నాకు చెప్పింది. రెండు గాజు గిన్నెల్లో ఆకలి పత్తి పోగులు వేసింది. ఒకదాంట్లో ఎప్పటిలా ఉప్పునీళ్లు పోసింది, రెండోదాంట్లో తన ఉమ్మి. వేలు గుచ్చుకొని రెండింట్లోనూ ఒక్కో చుక్క రక్తం వేసింది. ఉప్పునీళ్లలో పోగు తెల్లగానే ఉండిపోయింది. ఉమ్మి ఉన్న గిన్నెలో పోగు ఎర్రబడింది, రక్తపు చుక్క మజ్జిగ తేటలా పాలిపోయింది. ఆ పోగు చుట్టూ కంటికి కనిపించని పొర ఒకటి ఉంటుందట. నీళ్లకు కరగదు, చెమటకు కరగదు. మనం అన్నం నమిలితే అరిగించే గుణం ఏదో ఉమ్మిలో ఉంటుంది కదా, దానికి కరుగుతుంది. పొర కరిగిందా, లోపల వేరుకు ఉన్న ఆకలే పోగుకూ ఉంది. నేల ఇనుము దొరకదు కాబట్టి నాలుక మీద, చిగుళ్ల మీద పలచటి తోలులోంచి మనిషి ఇనుమును గుంజుకుంటుంది.

మళ్లీ ఇంటికి వచ్చి మా ఇద్దరి ముందు కూర్చుంది. "బట్టలకెళ్లి ఏం బైటికి అస్తదో చూసినం బాపూ. బట్ట ఏం గుంజుకుంటదో ఎవరం చూడలే. నియమం వెట్టినోళ్లకు తెల్వదనుకో. వాళ్లెవరు మగ్గం జూడలే. నాకేమైంది?"

"గంతేనా?" అన్నాడు మీ తాత తేలిగ్గా. "గయితే నోట్లె వెట్టుడు బంద్. సూదితోని గుంజుత."

సూదితో కూడా వద్దని మీ అమ్మ పట్టుబట్టింది, ఆ రోజు నుంచే ఆయన ఆ నూలు ముట్టుకోలేదు. కానీ మీ అమ్మ ముందు ఇంకొక గోడ ఉంది. విద్యాధర్‌గారు ఆమెను తన గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, బతిమాలాడు. చెడ్డవాడు కాదమ్మా ఆయన, అట్లా అనుకోకు.

"ఒక్క పంట ఆగు హేమా. నేతగాళ్లకు నూలు ఇవ్వడం మెల్లగా ఆపేద్దాం, ఏదో సాకు చెప్పి. నువ్వు ఇది ఇప్పుడే బయట పెడితే మొక్కలన్నీ పీకించేస్తారు. దిగువ ఊళ్ల బావులు ఇంకా తేటపడలేదు. మా అక్కవాళ్లు ఉండేది అక్కడే. ఆమె మనవడికి ఇంకా నడక రాలేదు."

మీ అమ్మ ఆ మాటను మూటలా మోసుకొని ఇంటికి తెచ్చింది. బాపు మంచం పక్కన కూర్చొని అంతా చెప్పింది. "ఏం జెయ్యాలె బాపూ?"

గోడ అవతల రాజమల్లు మగ్గం ఆడుతోంది. ఆడి, ఆగింది. ఆగిందంటే కండె అయిపోయిందన్నమాట. మేము ముగ్గురం ఆ నిశ్శబ్దాన్ని విన్నాం. మళ్లీ మగ్గం ఆడింది.

"ఇన్నవా బిడ్డా?" అన్నాడు మీ తాత. "ఇప్పుడే పెట్టిండు నోట్లె."

మీ అమ్మ లేచి పక్కింటికి పరుగెత్తింది. రాజమల్లు చేతిలోంచి నాడె లాక్కుంది. ఆయన తిట్లు మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆపేశాడు. ఆ తరువాత ఇంటింటికీ తిరిగి నూలు వెనక్కి తెచ్చింది. విషయమంతా పైవాళ్లకు రాసి పంపింది. దాని కింద మొదటి సంతకం విద్యాధర్‌గారే పెట్టారు, కళ్లద్దాలు తీసి తుడుచుకొని.

ఆయన భయపడినట్టే జరిగింది. ఆకలి పత్తిని ఎక్కడికక్కడ పీకేశారు. దిగువ ఊళ్లలో ఇప్పటికీ ట్యాంకరు నీళ్లే తాగుతారు. ఊటపల్లె మగ్గాలు మళ్లీ ఆగిపోయాయి. మాతో మాట్లాడటం మానేసినవాళ్లు ఉన్నారు. రాజమల్లు కొన్నాళ్లు నీరసపడి, మెల్లగా కోలుకున్నాడు. ఇంకా ఉన్నాడు, నువ్వు చూశావుగా, ఆ చెవిటి తాత.

మీ తాత కోలుకోలేదు. నోట్లో పెట్టడం మానేశాడు, మందులు మింగాడు, కార్జం తిన్నాడు, అయినా తెల్లబడుతూనే ఉన్నాడు. పెద్దాసుపత్రిలో ఛాతీ ఫోటో తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి మీ అమ్మకు చూపించింది. ఊపిరితిత్తుల నిండా చుక్కలు, విచ్చిన పత్తి చేను లాగా. అందరికన్నా ముందు మొదలుపెట్టింది ఆయనే, అందరికన్నా ఎక్కువ నేసింది ఆయనే. నేసేటప్పుడు లేచే నూగు ఊపిరితో లోపలికి పోయి, ఉమ్మిలోని గుణమే ఉన్న అక్కడి తడికి పొర కరిగి, కూర్చొని తాగుతోంది. తీయడానికి దారి లేదు. రక్తం ఎక్కిస్తే ఆ రక్తంలోని ఇనుమునూ తాగుతుంది.

అయినా మీ అమ్మ ఊరుకుందా? ఎవరి రక్తం సరిపడితే వాళ్ల కాళ్లు పట్టుకునేది. తనది ఇచ్చింది, ఇంకా ఇస్తానంటే వాళ్లు తిట్టి పంపారు. విద్యాధర్‌గారు వచ్చి ఇచ్చాడు. రాజమల్లు నేనిస్తానని చొక్కా చేయి మడిచి కూర్చుంటే, "నీకే లేదు, నువ్వేం ఇస్తవ్ ముసలోడా" అని నర్సు లేపి పంపింది. ఎక్కించిన పూట మీ తాత లేచి కూర్చొని, పక్క మంచాలవాళ్లతో పరాచికాలు ఆడేవాడు. నాలుగు రోజులకు మళ్లీ సున్నం గోడలా అయ్యేవాడు. చివరికి ఆయనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అద్దు బిడ్డా. నాకు గాదు అది అందేది. ఆ గదిల బాలింత ఉన్నది చూడు, ఆమెకియ్యిరి."

మీ అమ్మ వినలేదు. ఇంకొక్క సంచి తెస్తానని వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఆయన లేడు. చల్లటి రక్తం సంచి రెండు చేతులతో గుండెకు పట్టుకొని గుమ్మంలో అట్లా నిలబడిపోయింది. ఎవరో మెల్లగా ఆమె చేతుల్లోంచి అది తీసుకొని బాలింత గదిలోకి వెళ్లారు.

అన్నీ అయ్యాక, అమ్మిన చీరలను వెనక్కి తెప్పించి కాల్చేయాలన్నారు. కాల్చే ముందు ప్రతిదాన్నీ పరీక్షించాలట. ఆ పని వేరేవాళ్లకు ఇస్తామన్నా మీ అమ్మ ఒప్పుకోలేదు. నన్ను రమ్మంది. నేను వెళ్లాను. ఈసారి తీయడానికి నా ఒంటి మీద ఏమీ లేవు, గుమ్మంలో ఆగే పనే పడలేదు.

మీ తాత నేసిన చివరి చీర అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి, కాల్చి, మంటలోకి పంపింది. తెర మీద గీతలు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. వెదురు పొద లాగా. మీ అమ్మ ఆ గీతలను వేలితో తాకింది.

"అవ్వా," అంది, "గిది బాపు."

ఆ చీర మొత్తంలో ఉన్న ఇనుము ఎంత అని అడిగాను. కాలి మెట్టెంత కూడా ఉండదంది. మనిషి ఒంట్లో ఉండేదే అంతట. అది ఉంటే లేచి మగ్గం నేస్తాడు, లేకపోతే లేడు. ఒక్క జానెడు ముక్క ఇవ్వమని అడిగాను. మీ అమ్మ తల అడ్డంగా ఊపింది. ఎవరైనా పసిపిల్ల ఆ ముక్క నోట్లో పెట్టుకుంటే? నాకు అర్థమైంది. బట్టీ తలుపు తనే మూసింది.

ఇప్పుడు నిన్ను ఎందుకు పిలిచానో చెబుతాను. ఇంతవరకూ చెప్పింది ఎవరైనా చెప్పగలరు, పేపర్లలో కూడా వచ్చింది. ఇది మాత్రం నేనొక్కదాన్నే చెవులారా విన్నాను.

ఆ మధ్యాహ్నం, మీ అమ్మ రక్తం కోసం వెళ్లినప్పుడు, మీ తాతా నేనూ మాత్రమే ఉన్నాం. ఆయన కళ్లు తెరిచి అడిగాడు. "హేమ తనవల్లనే అయిందనుకుంటాంది గద?"

"అనుకోదా మరి? నేతగాని బిడ్డనై ఉండి యాదికి రాలేదని తల గోడకు కొట్టుకుంటాంది."

ఆయన ఊపిరి కూడగట్టుకున్నాడు. అప్పుడన్నాడు.

"దాన్ని మగ్గం మీదికెళ్లి లేపింది నేనే గద వజ్రా. ఒకనాడు దాని నోట్లెకెళ్లి పోగు గుంజి పారేసిన. బడికి పో, గిదంతా మర్శిపో అన్న. మర్శిపోవాలెనని మొక్కిన గూడ. అది మర్శింది. నేను చెప్పిన మాటనే ఇన్నది. గందుల తప్పేమున్నదే?"

అన్నాడు. అని నా చెయ్యి మీద చెయ్యి వేసుకొని పడుకున్నాడు.

ఈ మాట నేను మీ అమ్మకు ఆ రోజే చెప్పాను. ఏడాదికోసారి చెబుతూనే ఉన్నాను. "నన్ను ఊకుండవెట్టనీకి నువ్వే కల్పించినవ్ అవ్వా" అంటుంది. తల్లి మాట కదా, బిడ్డను ఓదార్చడానికి ఏమైనా చెబుతుందనుకుంటుంది. పెళ్లయింది, నువ్వు పుట్టావు, జుట్టు నెరిసింది, ఇంకా నమ్మదు.

నేను ఎన్నాళ్లుంటానే? నీ మాట వేరు. నువ్వు ఆమెకు అబద్ధం చెప్పవని ఆమెకు తెలుసు. అందుకని ఇది యాదిలో పెట్టుకో మధూ. ఏదో ఒక రోజు, ఆమె మళ్లీ కడిగిన గిన్నెలే కడుగుతున్నప్పుడు కాదు, నెమ్మదిగా ఉన్నప్పుడు, పక్కన కూర్చొని చెప్పు. నీకు పిల్లలు పుడితే వాళ్లకూ చెప్పు. ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క వదలొద్దు. నా మాటల్లో కాదు, ఆయన అన్నట్టే చెప్పాలి.

ఏదీ, ఒకసారి నాకు చెప్పి చూపించు. మీ తాత ఏమన్నాడు?